అమ్మకాల గోడ

ఎడమ కంటికి రెప్పగీత దిద్ది, బొమ్మ తలను కిటికీ వెలుతురుకేసి తిప్పి చూశాడు ఫిదెన్సియో. గీత చివర వెంట్రుకంత పైకి లేచి ఆగింది. బాగానే ఉంది. తలను మేకుకు తగిలించి ఇంకొకటి అందుకున్నాడు. ఇంకా జుట్టు కుట్టని నున్నటి గుండ్లు బల్ల మీద వరసగా ఉన్నాయి. కొన్నింటికి ఒక కన్ను, కొన్నింటికి రెండు, కొన్నింటికి అసలు కళ్లే లేవు.

ముగ్గురు రాజుల పండుగ వెళ్లి ఒక్క రోజయింది. మెక్సికో నగరంలో పిల్లలంతా నిన్న పొద్దున లేచి, రాత్రి గుమ్మం దగ్గర విడిచిన తమ బూట్ల పక్కన బొమ్మలు వెతుక్కున్నారు. తురులేత బొమ్మల ఫ్యాక్టరీ ఏడాదంతా పనిచేసేది ఆ ఒక్క పొద్దుటి కోసమే. పండుగ వెళ్లాక జనవరి ఎప్పుడూ చప్పగానే ఉండేది. యంత్రాలకు నూనె పెట్టుకునేవాళ్లు, బల్లలు కడుక్కునేవాళ్లు, ఫిబ్రవరిలో మళ్లీ ఆర్డర్లు మొదలయ్యేవి. ఈమధ్య ఆ జనవరే ఏడాది పొడుగునా సాగుతోంది. రెండు వరసల ఆడవాళ్లు రేడియోకి గొంతు కలుపుతూ బొమ్మల బుగ్గలకు ఎరుపు అద్దిన గదిలో ఇప్పుడు మూడు బల్లలే నడుస్తున్నాయి. తక్కినవాటి మీద గుడ్డలు కప్పి ఉంచారు.

పొద్దున బస్సు దిగి నడిచి వస్తుంటే దారి పొడవునా ఖాళీ అట్టపెట్టెలు గుట్టలుగా కనబడ్డాయి. పండుగ అంగళ్లవాళ్లు వదిలేసి పోయినవి. వాటి మీద ఏ దేశపు అక్షరాలో ఉన్నాయి. తురులేత బొంగరం ముద్ర ఉన్న పెట్టె ఒక్కటైనా ఉందేమోనని చూస్తూ వచ్చాడు. కనబడలేదు.

అతనికి అరవై దాటాయి. పొట్టి మనిషి. బల్ల మీదికి వంగి వంగి ఎడమ భుజం కుడిదాని కన్నా కిందికి జారింది. తెల్లబడ్డ పలచటి మీసం. కుడి బొటనవేలి గోరు చుట్టూ ఎప్పుడూ ఏదో ఒక రంగు పట్టుకుని ఉండేది. పెళ్లి ఫోటోలో కూడా ఆ వేలికి ఆకుపచ్చ అంటుకునే ఉంది. కొన్నాళ్లుగా మెట్లెక్కితే ఆయాసం వస్తోంది. ఎవరైనా అడిగితే రంగుల వాసన అంటాడు.

"దోన్ ఫిదెన్సియో, ఒక్క నిమిషం."

తలెత్తి చూస్తే లెయొనోర్. ఫ్యాక్టరీ పెట్టిన దోన్ అన్సెల్మో కూతురు. తండ్రి పోయాక ఆమే చూసుకుంటోంది. పని ఉంటే మనిషిని పంపి పైకి పిలిపించేది. ఇవాళ తనే దిగి వచ్చింది. బూడిద రంగు కోటు గుండీలు పెట్టుకోలేదు, నిద్ర లేని కళ్లు. ఫిదెన్సియో కుంచె తుడిచి లేచాడు.

"కూర్చోండి, కూర్చోండి. క్యాంటీన్ గోడకు తెల్లరంగు వేయాలి."

"ఏ గోడకమ్మా?" అన్నాడు. అడగడానికే అడిగాడు.

"ఆ గోడకే." ఆమె బల్ల మీది బొమ్మ తలనొకదాన్ని తీసి, ఎందుకు తీసిందో తెలియనట్టు మళ్లీ పెట్టేసింది. "రేపు మధ్యాహ్నం కొందరు వస్తున్నారు. ఆ హాలు వాళ్లకు గోదాముగా కావాలి. బయటి దేశం నుంచి వాళ్లు తెప్పించిన సరుకు మన పేరు మీద, మన లారీల్లో అమ్ముతాం. బొమ్మలు పోసే మన అచ్చుయంత్రాలు మార్చి నెల దాకా నడుస్తాయి. తర్వాత..."

ఆమె కోటు గుండీ ఒకటి పెట్టుకుని మళ్లీ విప్పింది.

"అమ్మకాలు మళ్లీ పెరుగుతాయి, దోన్ ఫిదెన్సియో. రెండేళ్లలో నాన్నగారి రోజులంత అవుతాయి. నేను అన్ని విధాలా చూశాను. ఇది తప్ప దారి లేదు."

"మంచిదమ్మా."

"బయటి నుంచి మనిషిని పిలిపించేదాన్నే. కానీ మీకు చెప్పకుండా ఆ గోడ మీద చెయ్యి వేయించడం నాకు..."

"బయటివాడు చారలు చారలుగా వేసిపోతాడు," అన్నాడు ఫిదెన్సియో. "నేనే వేస్తాను. కాకపోతే, పోయిన ఏటి పట్టె ఇంకా వేయలేదు. పెట్టెలు ఎన్ని అమ్ముడుపోయాయో చెబితే ముందు అది వేసేస్తాను."

లెయొనోర్‌కి అర్థం కావడానికి కాసేపు పట్టింది. "ఎలాగూ చెరిపేసేదానికి అదెందుకండీ?"

"ఆ ఏడు కూడా గడిచింది కదమ్మా. పని చేశాం కదా."

ఆమె కిటికీలోంచి బయటికి చూసింది. తర్వాత ఆ సంఖ్య చెప్పింది, చాలా నెమ్మదిగా. అతను రెండోసారి చెప్పమనలేదు.

క్యాంటీన్‌లో పొడుగాటి గోడ అది. ఒకచివర వంటగది తలుపు, ఇంకోచివర చేతులు కడుక్కునే తొట్టి. మధ్యలో అంతా రంగుపట్టెలు. ఏడాదికొక పట్టె, ఆ ఏడు అమ్మకాలెంతో అంత ఎత్తు. ఏ బొమ్మ ఎక్కువ పోతే ఆ బొమ్మ రంగు. ఇది దోన్ అన్సెల్మో ఆలోచన. అప్పట్లో ఫిదెన్సియో కల్లు దుకాణాలకు బోర్డులు రాసేవాడు. చెయ్యి నిలకడ చూసి దోన్ అన్సెల్మో ఫ్యాక్టరీలోకి తీసుకున్నాడు. మొదటి ఏడాది చివర గోడ ముందు నిలబెట్టి, "మనం ఎంత ఎదిగామో అన్నం తినేటప్పుడు అందరికీ కనబడాలోయ్," అన్నాడు. మొదటి పట్టె మోకాలెత్తు. ఎర్రటి రేకు ఫైరింజన్ ఏడు అది. మరుసటి ఏడు నడుము దాకా వచ్చింది. ఆ తర్వాత భుజం దాకా.

పంతొమ్మిది వందల అరవై ఏడుది పసుపు, తాడు కట్టి లాగే బాతుపిల్ల. దేశమంతా ఆ బాతులు క్వాక్ క్వాక్ మంటూ తిరిగాయి. ఫిదెన్సియో ఇంట్లోనూ ఒకటుండేది. అతని కూతురు ఇనేస్‌కి రెండేళ్లు. ఆ నవంబరులో జ్వరం వచ్చి నాలుగు రోజుల్లో పోయింది. జనవరిలో నిచ్చెనెక్కి పసుపు పూస్తుంటే కింద అన్నాలు తింటున్నవాళ్లు పళ్లేల్లోంచి తలలెత్తలేదు. దోన్ అన్సెల్మో మాత్రం వచ్చి, పట్టె పూర్తయ్యేదాకా నిచ్చెన పట్టుకుని నిలబడ్డాడు.

ఆ తర్వాత గులాబీ ఏళ్లు. మరీబెల్ అని మాట్లాడే బొమ్మ వచ్చింది. పొట్ట నొక్కితే "అమ్మా, ఆకలి" అనేది. మూడు షిఫ్టులు నడిచాయి. బొమ్మలకు కళ్లు దిద్దేవాళ్లు చాలక ఊళ్ల నుంచి అక్కచెల్లెళ్లను, వదినలను రప్పించారు. ఎనభైలో పట్టె దూలం దాకా పోయింది. ఆ రోజు దోన్ అన్సెల్మో కోటు విప్పకుండానే నిచ్చెనెక్కి, చివరి జానెడూ తనే పూశాడు. కిందికి దిగేసరికి చేతుల నిండా గులాబీ. ఆ చేతుల్తోనే అందర్నీ కౌగిలించుకున్నాడు. టర్కీ కోళ్లు కోసి మిరపకాయల ముద్దపులుసు పెట్టారు. అట్టపెట్టెల సెక్షన్‌లో పనిచేసే ఫిదెన్సియో భార్య ఔసెన్సియా ఆ రోజు ఎవరూ అడగకుండానే పాట పాడింది. పాప పోయాక ఆమె పాడడం అదే మొదటిసారి.

రెండేళ్లకే పెసో విలువ పడిపోయింది. ధరలు పెరిగీ పెరిగీ, ఆ మరుసటి ఏడు అమ్మకాల సొమ్ము కాగితం మీద మూడింతలయింది. గుమాస్తా సంబరంగా ఆ అంకె పట్టుకొచ్చాడు. దోన్ అన్సెల్మో గోడ వైపు, కప్పు వైపు చూసి, "ఈ లెక్కన గీయాలంటే మావాడు పైకప్పు పగలగొట్టుకుని పోవాలయ్యా," అన్నాడు. నవ్వలేదు. ఇకమీదట సొమ్ము వద్దు, పోయిన పెట్టెల లెక్కన గీయమన్నాడు. ఆ ఈస్టరు సెలవుల్లో ఫిదెన్సియో, ఔసెన్సియా ఇద్దరే వచ్చి గోడంతా చెరిపి, మొదటి ఏటి నుంచీ పెట్టెల లెక్కన మళ్లీ వేశారు. ఆమె తూకపు గుండు దారం పట్టుకుంది, అతను గీత కొట్టాడు. పాత పట్టెలు ఇంచుమించు అలాగే వచ్చాయి. కొత్తది మాత్రం సగానికి దిగింది.

అక్కడి నుంచి అన్నీ మెట్లు దిగినట్టే. సర్కారు సరిహద్దు తలుపులు తెరిచి బయటి బొమ్మల్ని రానిచ్చాక మెట్ల మధ్య ఎత్తు ఇంకా పెరిగింది. ఔసెన్సియా పోయిన ఏడు ఆకుపచ్చ. దోన్ అన్సెల్మో పోయిన ఏడు ఊదా.

"ఏమయ్యా, నిచ్చెన ఎక్కడానికి ఈ వయసే దొరికిందా నీకు?" వంటగది తలుపులో నుంచి హెర్లిందా అరిచింది. పాతికేళ్లుగా ఆమే ఇక్కడ వండుతోంది. బలమైన మనిషి, మోచేతుల దాకా పాత కాలిన మచ్చలు.

"నిచ్చెన ఎందుకు, హెర్లిందా? ఈసారిదానికి పీట చాలు."

ఆమె లోపలికి వెళ్లి పీట తెచ్చి అతని కాళ్ల దగ్గర పడేసింది. "ఇదిగో నీ సింహాసనం. నడుం పట్టేస్తే నన్ను పిలవకు. నా నడుమే నా మాట వినడం లేదు."

పీట మీద కూర్చుని అతను సుద్దతో గీత కొట్టాడు. మోకాలికి ఇంకా దిగువనే. రంగు కలపబోతూ ఆగి, "పోయిన ఏడు ఎక్కువ పోయిందేమిటి?" అన్నాడు.

"ఏముంది, మనుషులే!" అంది హెర్లిందా.

భోజనం గంట కొట్టేసరికి పట్టె సగం నిండింది. నీలం. అమ్మకాలు పెద్దగా లేకపోయినా నీలం బొమ్మలారీయే కాస్త పోయింది. జనం పళ్లేలు పట్టుకుని వచ్చారు. ఒకప్పుడు ఈ హాలులో చోటు కోసం తోసుకునేవాళ్లు. ఇప్పుడు అందరూ వంటగది పక్క బల్లలకే సరిపోయారు. అచ్చుయంత్రం నడిపే మకారియో, లేత గడ్డం కుర్రవాడు, గోడ దగ్గరికి వచ్చి వంగి చూశాడు.

"బాబాయ్, ఇది పట్టెనా, గడపా? చూసుకుని దాటండ్రోయ్, కాలు తగిలి పడతారు!"

అందరూ నవ్వారు. ఫిదెన్సియో కూడా నవ్వాడు.

"సర్కారు ఈ నెల నుంచి పెసోకి మూడు సున్నాలు కొట్టేసిందిగా," అంది పులుసు పోస్తూ హెర్లిందా. "ఆ చేత్తోనే మనకీ కొట్టేసి ఉంటారు."

"పిన్నీ, మా పులుసులో మాంసానికి ఎప్పుడో కొట్టేశావుగా!"

"మాంసం కావాలంటే మీ అత్తగారింటికి పో. ఇక్కడ పప్పుంది. తిని దేవుడికి దణ్ణం పెట్టుకో."

నవ్వులు ఇంకా ఆగలేదు. మకారియో కంట తొట్టి పక్కనున్న బకెట్లు పడ్డాయి. నాలుగు పెద్ద బకెట్లు, మూతల మీద తెల్లరంగు చుక్కలు.

"ఇవేంటి బాబాయ్?"

"గోడకు."

"ఏ గోడకు?"

ఫిదెన్సియో పట్టె అంచు సరిచేశాడు. వెనక చెంచాల చప్పుడు ఒక్కొక్కటే ఆగిపోయింది. మకారియో పళ్లెం బల్ల మీద పెట్టి వచ్చి అతని పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"ఎప్పుడంట?"

"లెయొనోరమ్మ చెబుతుంది. నేను చెప్పే మాట కాదు."

"నువ్వు చెప్పు. ఆవిడ చెబితే మళ్లీ దాన్ని విడమరిచి చెప్పడానికి ఇంకొకడు కావాలి."

"మార్చి దాకా ఉందిరా. ఈలోగా చూసుకో. నీది చిన్న వయసు."

మకారియో చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు. "నేను వేస్తా ఆ తెల్లరంగు. నువ్వు పోయి పడుకో."

"నీ చెయ్యి అచ్చులకు పనికొస్తుంది, గోడకు కాదు. బల్లలు జరిపిపెట్టు, చాలు."

భోజనాలయ్యాక బల్లలన్నీ జరిపి అందరూ పనిలోకి పోయారు. ఫిదెన్సియో మొదటి బకెట్ మూత తీశాడు. మొదటి ఏటి నుంచే మొదలుపెట్టాడు. ఫైరింజన్ ఎరుపు ఒక్క పూతకు లొంగలేదు. రెండుసార్లు రోలరు తిప్పితే గులాబీ అయి, మూడోసారికి పాలరంగులోకి వచ్చింది. చారలు పడకుండా కింద నుంచి పైకి, పై నుంచి కిందికి, తొందరపడకుండా లాక్కుంటూ పోయాడు. పసుపు పట్టె దగ్గరికి వచ్చినప్పుడు రోలరు పక్కన పెట్టి, చిన్న కుంచె తీసుకున్నాడు. ఆ ఒక్కదానికీ చాలా సేపు పట్టింది. హెర్లిందా గిన్నెలు కడుగుతూ తలుపులో నుంచి చూసింది. చేతి కింది నీళ్ల చప్పుడు తగ్గించింది.

గులాబీ పట్టెలకు చెయ్యి అందినంత వరకు వేసి, వాటి తర్వాతి పొట్టి పట్టెల్ని నీలం దాకా పూర్తిగా కప్పాడు. గులాబీ పైభాగానికి నిచ్చెన కావాలి. నిచ్చెన మూడో మెట్టు మీద కాలు పెట్టాక ఊపిరి అందలేదు. ఎడమ చెయ్యి బరువెక్కింది. మెల్లగా దిగి, మెట్టు మీదే కూర్చున్నాడు. హెర్లిందా చేతులు తుడుచుకుంటూ పరిగెత్తుకొచ్చింది.

"చెప్పానా, చెప్పానా? ముఖం చూడు, గోడకన్నా తెల్లగా ఉంది! డాక్టర్ దగ్గరికి పోదాం, పద."

"డాక్టర్‌కి చూపించడానికి ఏముంది? రంగు వాసన. పైది రేపు పొద్దున మకారియో వచ్చాక చేస్తాం. నీలం తడారలేదు, దాని మీద ఇప్పుడు వేస్తే కారుతుంది. అదీ రేపే. వాళ్లు వచ్చేది మధ్యాహ్నం కదా."

ఆమె దాల్చినచెక్క వేసి మరిగించిన కాఫీ మట్టి గ్లాసులో తెచ్చి ఇచ్చింది. పక్కనే బల్ల మీద కూర్చుంది.

"మార్చి తర్వాత ఏం చేస్తావు?" అంది హెర్లిందా.

"బోర్డులు రాస్తాను. మొదట్లో అదే పని కదా. నువ్వు?"

"మా చెల్లెలు ఫలహారాల బండి పెట్టింది తోలూకాలో. రమ్మంటోంది. అక్కడ చలి. ఎముకలు కొరికేస్తుంది." కాస్త ఆగి, "ఆ బండికి బోర్డు లేదు," అంది.

ఫిదెన్సియో కాఫీ తాగుతూ ఆమె వైపు చూశాడు. హెర్లిందా చూపు తిప్పుకుని, నడుముకు కట్టుకున్న వంటగుడ్డతో బల్ల మీద లేని మరకను తుడిచింది.

"ఏం పేరు పెట్టారేమిటి?" అన్నాడు.

"పేరు కూడా లేదు. నువ్వే ఏదన్నా చూసి పెట్టు."

"సరే, ఆలోచిస్తాను. ఆదివారం చెబుతాను."

"ఆదివారం పులుసు చేసుకుని మీ ఇంటికి వస్తాను. నీ వంట నేను తినలేను."

అతను మీసం మీది కాఫీ తుడుచుకున్నాడు. లేచి కుంచెలు కడిగాడు. బకెట్లకు మూతలు బిగించి, గోడకు ఆనకుండా జరిపాడు. స్వెట్టర్ వేసుకుని, గేటు దగ్గర కాపలావాడికి చెయ్యి ఊపి, బస్సు ఎక్కడానికి రోడ్డు దాటాడు. ఎండ ఇంకా ఉంది. హెర్లిందా వంటగది కిటికీలోంచి అతను బస్సు ఎక్కేదాకా చూసింది. తర్వాత తనను తనే తిట్టుకుని, మిగిలిన పప్పు డబ్బాలోకి తీసింది.

మర్నాడు ఫిదెన్సియో రాలేదు. అన్నేళ్లలో ఆలస్యంగా వచ్చిన రోజు కూడా లేదు. మకారియో నిచ్చెన వేసి చాలాసేపు ఎదురుచూశాడు. మధ్యాహ్నం గోదాము చూసుకునేవాళ్లు ఇద్దరు వచ్చారు. కింద తెల్లటి గోడ, దాని మీద కప్పు దగ్గర గులాబీ ముక్కలు, ఓ మూల నేలను అంటుకుని నీలం. వాళ్లకు గోడ సంగతి పట్టలేదు. టేపు పట్టి హాలు పొడవు, వెడల్పు కొలుచుకున్నారు. లెయొనోర్ వాళ్లతో మాట్లాడుతూనే రెండుసార్లు గుమ్మం వైపు చూసింది. వాళ్లను పంపించి వంటగదిలోకి వచ్చి, "దోన్ ఫిదెన్సియో ఇల్లు మీకు తెలుసా?" అని అడిగింది.

హెర్లిందా అప్పటికే వంటగుడ్డ విప్పేసింది.

అతను ఉండేది ఒకే వాకిలి చుట్టూ చాలా గదులున్న పాత ఇంట్లో, మెట్ల కింద గది. పక్కగది ముసలావిడ దగ్గర ఇంకో తాళంచెవి ఉంది. తలుపు తీశారు. మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు, బూట్లు విప్పి, దుప్పటి భుజం దాకా లాక్కుని. హెర్లిందా పేరు పెట్టి పిలిచింది. ఇంకోసారి పిలిచింది. దగ్గరికి వెళ్లి చెయ్యి పట్టుకుంది. బొటనవేలి గోరు చుట్టూ నీలం ఇంకా ఉంది.

డాక్టర్ వచ్చి గుండె అన్నాడు, నిద్రలోనే పోయాడన్నాడు. లెయొనోర్ వచ్చింది. మకారియో, ఇంకో నలుగురు పనివాళ్లు వచ్చారు. గుమ్మంలో నిలబడి లెయొనోర్ ఏడుస్తుంటే మకారియో ఆమె వైపు చూడలేదు. కానీ కాసేపటికి కుర్చీ తెచ్చి ఆమె వెనక పెట్టాడు. శ్మశానం ఖర్చు అంతా ఆమే చూసుకుంటానంది. ఔసెన్సియా, ఇనేస్ ఉన్నచోటే, వాళ్ల పక్కనే అని హెర్లిందా చెప్పింది. అలాగే అన్నారు.

సాయంత్రం అతన్ని తీసుకుపోయాక, గది సర్దడానికి హెర్లిందా ఒక్కతే ఉండిపోయింది. దుప్పటి మడిచింది. కిటికీ తెరిచింది. చివరికి పొయ్యి దగ్గరికి వచ్చింది. ముందురోజు రాత్రి, మర్నాటి కోసం అతను నల్ల చిక్కుడు గింజలు నానబోసుకున్నాడు. గింజలు నీళ్లన్నీ పీల్చుకుని లావెక్కి, గిన్నె అంచు దాకా పొంగి, మూతను ఒక పక్కకు ఎత్తిపెట్టి ఉన్నాయి.